మేలు చేయుటలో అలసట

మేలు మొదలుపెట్టుట కష్టము కాదు; దానిని కొనసాగించుటయే కష్టము. తొలిదినమున ఉత్సాహము చేయి పట్టుకొని నడిపించును. కొన్ని నెలలు గడచిన పిమ్మట ఉత్సాహముండదు, మెచ్చుకొనువారుండరు. పని మాత్రము మిగిలియుండును. విశ్వాసి అలసిపోవునది అప్పుడే.

ఈ అలసట రెండు విధములు. మేలు పొందినవారు కృతజ్ఞత చూపనప్పుడు కలుగునది మొదటిది. మేలు చేయువాడు తన బలహీనతను చూచుకొని కృంగిపోవుట రెండవది, ఇదియే లోతైనది. ఆదివారపు బడిలో పిల్లలకు దీర్ఘశాంతమును గూర్చి బోధించిన ఉపాధ్యాయుడు ఇంటికి వచ్చి చిన్న మాటకే భార్యపై మండిపడును. రాత్రి మోకరించినప్పుడు మనస్సాక్షి అతనిని గద్దించును. వచ్చు ఆదివారము ఏ ముఖముతో ఆ పిల్లల యెదుట నిలువవలెను? తాను బాగుపడువరకు బోధ మానుట న్యాయము కాదా? పడిపోవుచునే మేలు చేయువాడు వేషధారి కాడా?

ఈ ప్రశ్న తేలికగా త్రోసివేయదగినది కాదు. ప్రభువు వేషధారణను ఎంత కఠినముగా ఖండించెనో సువార్తలు చదివినవారికి తెలియును. అయితే వేషధారికిని బలహీనునికిని భేదమున్నది. వేషధారి తన పాపమును దాచుటకు మంచి పనిని తెరగా వాడుకొనును. బలహీనుడు తన పాపమును ఒప్పుకొని, దానితో పోరాడుచు, మంచి పనిని విడువకుండును. 'యోగ్యుడనైన పిమ్మట చేసెదను' అనుమాట వినయమువలె కనబడును గాని, దాని అడుగున గర్వము దాగియుండవచ్చును. మేలు తన యోగ్యతనుండియే పుట్టునని తలంచువాడు ఆ యోగ్యత తగ్గెనని తోచగానే మేలు మానును. ఆకలిగొన్నవాడైతే అన్నము పెట్టువాని పరిశుద్ధత పరిపూర్ణమగువరకు ఆగలేడు.

గలతీయులకు వ్రాసిన పత్రిక ఆరవ అధ్యాయము తొమ్మిదవ వచనములో, మంచి చేయుచు నీరసపడిపోవద్దని పౌలు ధైర్యము చెప్పెను. ఆ అధ్యాయము ఎట్లు ఆరంభమగుచున్నదో గమనింపదగును. తప్పుచేసినవానిని మృదువుగా లేవనెత్తవలెనని, లేవనెత్తువాడు తన్నుతాను చూచుకొనవలెనని ముందుగా చెప్పి, ఆ తరువాతనే అపొస్తలుడు ఈ ప్రోత్సాహమునకు వచ్చెను. అనగా ఇది ఎన్నడును పడనివారికి వ్రాయబడినది కాదు; పడుచు లేచుచు నడచు సంఘమునకు వ్రాయబడినది.

మార్కు అను మారు పేరుగల యోహాను సంగతియు అట్టిదే. పెర్గేలో అతడు పౌలును బర్నబాను విడిచి యెరూషలేమునకు తిరిగిపోయెను. అతని నిమిత్తమే ఆ ఇద్దరు సేవకులు వాదులాడి వేరైపోయిరి. అయినను పౌలు తిమోతికి వ్రాసిన రెండవ పత్రికలో, సేవకు ఉపయోగపడువాడని చెప్పి మార్కును తోడుకొని రమ్మని కోరెను. ఒకనాటి పిరికితనము మార్కు జీవితమునకు కడపటి మాట కాలేదు.

వ్యక్తివలె సంఘమును అలసిపోవును. అమెరికా బాప్తిస్టుల పక్షమున శామ్యూల్ డే 1840లో నెల్లూరులో పని ఆరంభించెను. ఏండ్లు గడచినను ఫలము బహు స్వల్పము. 1853లో ఆల్బనీ నగరమున కూడిన సభలో ఆ మిషనును మూసివేయవలెనా అను చర్చ జరిగెను. 1854 జనవరి 1న లైమన్ జ్యూయెట్ దంపతులును కొలదిమంది తెలుగు విశ్వాసులును ఒంగోలు కొండ నెక్కి, ఆ ఊరికి ఒక సేవకుని పంపుమని ప్రార్థించిరి. జాన్ క్లౌ అచ్చట స్థిరపడుటకు వచ్చినది 1866లో. అప్పటికి పండ్రెండేండ్లు గడచెను. 1876-78 కరవులో ఆయన బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో కొంత భాగమును గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి కూలిపని కల్పించెను. కేవలము అన్నము కొరకు ఎవరును సంఘములో చేరకుండునట్లు ఆ కాలమున బాప్తిస్మములు నిలిపివేసెను. పిమ్మట 1878 జూలై 3న గుండ్లకమ్మ యేటిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ఈ సంఖ్య గొప్పదే. అయితే ఆ ఉదయము కొండ దిగినవారికి ఈ సంఖ్య తెలియదు. వారికి కనబడినది నిన్నటి ఊరు, నిన్నటి పనియే. వారు ఫలమును చూచి కాదు, చూడకయే ఆ పనికి మరలిరి. కోతకాలమును నిర్ణయించువాడు దేవుడు. విత్తుటయే మనుష్యుని వంతు. కొందరు తాము విత్తినదాని కోతను ఈ లోకమున చూడకయే పోవుదురు. అంతమాత్రమున వారి విత్తనము వ్యర్థము కాదు.

కాబట్టి ఆ ఉపాధ్యాయుడు ఏమి చేయవలెను? బోధ మానుట సులభము. తప్పును దాచి బోధించుట ఇంకను సులభము. అతడు ముందుగా భార్యయొద్దకు వెళ్లి క్షమాపణ వేడవలెను. పిమ్మట దేవుని యెదుట తన కోపమును ఒప్పుకొనవలెను. ఆదివారము వచ్చినప్పుడు పిల్లల యెదుట మరల నిలువవలెను. ఆ దినమున దీర్ఘశాంతమును గూర్చి అతడు చెప్పు మాటలు మునుపటికంటె తక్కువ కావచ్చును; అవి మునుపటికంటె సత్యమైనవి. తాను క్షమింపబడినవాడని ఎరిగిన చేయి అలసినను నాగలిని విడువదు.