కనిపెట్టువారు

ధ్యాన భాగము: లూకా 3:3–14



నవంబరు నెలాఖరునకు కామారెడ్డి, ఎల్లారెడ్డి, రాజంపేట ప్రాంతములలో వరికోతలు చాలవరకు ముగియును. కల్లములలో వడ్లు ఆరుచుండును. రైతు కొనుగోలు కేంద్రమువైపు చూచును, కూలివాడు రైతువైపు చూచును, దుకాణదారుడు తన ఖాతా పుస్తకము తిరగవేయును. లెక్కలు తీరవలసిన ఈ దినములలోనే ఆగమన కాలము కూడ వచ్చుచున్నది. నవంబరు 27కును డిసెంబరు 3కును మధ్య పడు ఆదివారముతో అది మొదలై, నాలుగు ఆదివారములు సాగి, క్రిస్మసుతో ముగియును.

ఈ కాలములో సిద్ధపడుడని బోధకులు మనకు చెప్పుదురు. అయితే ఒక ప్రశ్న కలదు. ప్రభువు వచ్చుట కేవలము కృపవలననే గదా? మనము సిద్ధపడనియెడల ఆయన రాకుండునా? బేత్లెహేములో ఆయనకొరకు ఎవరును ఏమియు సిద్ధపరచలేదు. సత్రములో స్థలము సహితము లేకపోయెను. అయినను ఆయన వచ్చెను. అట్లయిన మన సిద్ధపాటుతో పనియేమి?

మన కతోలిక సహోదరులు ఈ కాలమును ఎట్లు గడుపుదురో చూతము. గురువు ఊదారంగు వస్త్రములు ధరించును. ఆదివారపు పూజలో మహిమ గీతము పాడరు. మూడవ ఆదివారమున మాత్రము, సంతోషమునకు గురుతుగా, గులాబిరంగు వస్త్రములు ధరించుట కలదు. అనేకులు పండుగకు ముందే పాపసంకీర్తనము చేసికొందురు. వారు తమ స్థానిక సంఘమును 'విచారణ' యందురు. ఎంత చక్కని మాట! విచారించుట అనగా ఆరా తీయుట. యోగక్షేమములు అడుగుటయు అదియే. మన పాపములను నేరుగా ప్రభువునొద్దనే ఒప్పుకొందుమని మనము చెప్పుదుము. మంచిదే. కాని నిజముగా ఒప్పుకొనుచున్నామా? ఇతరుల ఆచారమును విచారించుటలో మనకున్న శ్రద్ధ మనలను మనము విచారించుకొనుటలో ఉన్నదా?

ఈ కాలమున దేవాలయములలో వెలిగించు నాలుగు కొవ్వొత్తుల కథ కూడ తెలిసికొనదగినది. 1839లో జర్మనీ దేశపు హాంబర్గులో యోహాన్ హిన్రిక్ విఖెర్న్ అను లూథరన్ బోధకుడు, తాను నడుపుచున్న బీదపిల్లల గృహములో, ఒక బండి చక్రముమీద కొవ్వొత్తులు నిలిపి దినమునకొకటి చొప్పున వెలిగించెను. పండుగ ఎప్పుడని పిల్లలు మాటిమాటికి అడుగుచుండిరట. ఆ దీపముల ఆచారమే పిమ్మట కతోలిక దేవాలయములలోనికిని వ్యాపించెను. చీకటి ఒక్కసారిగా పోలేదు. దినమునకొక దీపమంత పోయెను. మన హృదయములును అట్లే సిద్ధపడును.

మన తెలుగు బైబిలులో ప్రభువుకొరకు ఎదురుచూచుటను 'కనిపెట్టుట' యనిరి. పల్లెలలో ఈ మాటకు ఇంకొక వాడుక కలదు. ఊరికి పోవుచు, ఇల్లు కాస్త కనిపెట్టుకొని యుండుమని పొరుగువారికి చెప్పుదుము. పశువులను, పసిపిల్లలను, ముసలివారిని కనిపెట్టుకొని యుండుమందుము. ఎదురుచూచుటయు కాపాడుటయు ఒక్క మాటలోనే ఇమిడియున్నవి. బస్సుకొరకు చూచువాడు ఊరక నిలువవచ్చును. అడవిపందులు తిరుగు రాత్రి మక్కచేనుకు కావలి యున్నవాడు ఊరక నిలువలేడు.

మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడనే దొరకుచున్నది. ప్రభువు వచ్చిన రాత్రి ఆ వార్త మొదట ఎవరికి తెలిసెను? పొలములో మేలుకొని తమ మందను కాచుకొనుచున్న గొర్రెల కాపరులకు. వారి మెలకువ ఆయనను రప్పించలేదు. అయితే ఊరు నిద్రించుచుండగా వారు మేలుకొనియుండిరి. వర్తమానము వినిన వెంటనే లేచి వెళ్లిరి. మన సిద్ధపాటు ప్రభువును తెచ్చునది కాదు, వచ్చిన ప్రభువును మనము పోగొట్టుకొనకుండ చేయునది.

కొందరు అందురు: ఆత్మీయ సిద్ధపాటు అనగా ప్రార్థన, ఉపవాసము, కూలి లెక్కలతో దానికేమి సంబంధము? యోహానును జనులు అడిగినప్పుడు అతడు ఏమి చెప్పెనో చదువుడి. రెండు అంగీలు గలవాడు లేనివానికి ఒకటి ఇయ్యవలెను. సుంకరులు నిర్ణయించిన దానికంటె ఎక్కువ తీసికొనరాదు. సైనికులు ఎవరినీ బాధింపక తమ జీతముతో తృప్తిపడవలెను. ఎవరిని గాని తమ పని మానుమని అతడు చెప్పలేదు. వారి పనిలోనే మార్గమును సరాళము చేయుమనెను.

మన పొరుగున మెదకు దేవాలయము కలదు. కరవు దినములలో ఆకలిగొన్నవారికి పనిచ్చి, అన్నము పెట్టుచు పోస్నెట్టు దొరగారు దానిని కట్టించిరి. 1924 డిసెంబరు 25న అది ప్రతిష్ఠింపబడెను. ప్రభువునకు మందిరము సిద్ధపరచుటయు, బీదవారికి అన్నము పెట్టుటయు అక్కడ రెండు పనులు కాలేదు.

కాబట్టి ఇంటికి సున్నము వేయుదము. అప్పుచేసి క్రొత్త బట్టలు కొనుటకు ముందు మాత్రము ఆలోచింతము. మొదటి ఆదివారమునకు మనయొద్ద నిలిచిపోయిన కూలిని చెల్లింతము. రెండవదానికి గట్టు తగవులో మాటలు మానిన అన్నదమ్ముని గడప తొక్కుదము. మూడవదానికి, అది సంతోషపు ఆదివారము గనుక, పిల్లలు పట్టణమునకో దుబాయికో పోగా ఒంటరిగా మిగిలిన ముసలివారి యింట కూర్చుందము. నాలుగవదానికి ఇంటిల్లిపాది కలిసి మౌనముగా మోకరింతము. పైమూడు చేసినవారికి ఆ మౌనము భయము పుట్టించదు.

ప్రభువా, నీకొరకు కనిపెట్టు మేము, నీవు మాకు అప్పగించినవారిని కూడ కనిపెట్టుకొనునట్లు మమ్మును మేలుకొలుపుము. ఆమేన్.