విడిపోయే హక్కు

నలుగురు కుర్రాళ్లు గిటార్లు పట్టుకొని బ్యాండు కడతారు. ఏడాదో రెండేళ్లో ఆడతారు. ఒకడికి ఉద్యోగమొస్తుంది, ఇంకొకడికి పెళ్లవుతుంది, మిగతా ఇద్దరికీ డబ్బుల దగ్గర తేడా వస్తుంది. బ్యాండు పోతుంది. ఊరేమీ ఊగిపోదు. శ్రీనగర్‌లో ముగ్గురు ముస్లిం ఆడపిల్లలు కట్టిన 'ప్రగాశ్' మాత్రం అలా పోలేదు.

పదో తరగతి వయసు పిల్లలు. ఒకమ్మాయి గిటారు వాయిస్తూ పాడేది. ఒకమ్మాయిది బాస్ గిటారు, ఇంకొకమ్మాయిది డ్రమ్స్. 2012 డిసెంబరులో శ్రీనగర్‌లో జరిగిన బ్యాండ్ల పోటీలో తొలిసారి వేదికెక్కి బహుమతి గెలిచారు. ఆ తర్వాత ఫేస్‌బుక్ నిండా బూతులు, అత్యాచారం చేస్తామన్న బెదిరింపులు. 2013 ఫిబ్రవరి మొదట్లో అప్పటి గ్రాండ్ ముఫ్తీ బషీరుద్దీన్ అహ్మద్ ఇది ఇస్లాంకు విరుద్ధమని ఫత్వా ఇచ్చారు. రెండు మూడు రోజుల్లోనే బ్యాండు మూతపడింది. ముఫ్తీసాబ్ మాటను గౌరవించి మానేస్తున్నామని ఆ పిల్లల చేతే చెప్పించింది కాలం. ప్రగాశ్ అంటే కశ్మీరీలో వెలుగు. మన 'ప్రకాశం'కు దగ్గర చుట్టం.

సంగీతం హరామా, హలాలా అన్న తగువు కొత్తది కాదు. 900 ఏళ్ల కిందటే ఇమాం గజాలీ పాట వినడం గురించి వివరంగా రాసి, షరతుల మీద సరేనన్నాడు. కాదన్న ఆలిములూ ఉన్నారు. వాదించుకోనివ్వండి. ముఫ్తీసాబ్ సంగీతమంతా తప్పేనన్నారు. మరి మూతపడింది ఆడపిల్లల బ్యాండే ఎందుకయింది? అదే పోటీలో మగపిల్లలూ వాయించారు కదా! ఆడవాళ్లు పాడటం కశ్మీర్ ఎరగనిదా? రాజ్ బేగం రేడియో కశ్మీర్‌లో ఏళ్ల తరబడి పాడింది. 2002లో పద్మశ్రీ అందుకుంది.

కశ్మీర్ సంగతి మనకెందుకంటారా? దక్కన్‌లో మన ఇళ్లలో పెళ్లంటే ఆడవాళ్లు ఢోలక్ ముందేసుకొని వియ్యపురాలిని ఆటపట్టిస్తూ పాడరా? ఆ పాటను గుమ్మం దాటనిస్తున్నామా? మా పినపాక వైపు పీర్లు లేస్తే డప్పు మోగుతుంది. కోయ ఆడవాళ్లు చేతులు కలిపి రేలపాట అందుకుంటే గూడెమంతా వింటుంది. వాళ్ల మర్యాదకేం లోటు రాలేదు. మరి మన మర్యాద ఒక ఆడపిల్ల గొంతుకే కూలిపోయేంత పెళుసుదా? పాట పాపమన్నది పైమాట. నలుగురూ చూస్తుండగా ఆడపిల్ల పాడటమే అసలు కంటగింపు.

ఇక అండగా నిలిచినవాళ్లు. ఆనాటి ముఖ్యమంత్రి ఒమర్ అబ్దుల్లా ఆ పిల్లల పక్షాన మాట్లాడారు. పోలీసులు కేసు పెట్టారు. అది అవసరమే. కానీ టీవీలవాళ్లు ఆ ముగ్గురినీ జెండాలు చేశారు. ముస్లింలంటే ఇంతేనని తేల్చడానికి సాక్ష్యం దొరికిందనుకున్నవాళ్లకు, వాళ్లు ఏ రాగం వాయించారో అక్కర్లేదు. సెక్యులర్ మిత్రులు కూడా ఈ మాట వినాలి.

మనవాళ్లేమో ఇంటిగుట్టు బయటపెట్టొద్దంటారు, శత్రువు చేతికి కర్ర ఇవ్వొద్దంటారు. కర్ర వాళ్ల చేతిలో ఎప్పట్నుంచో ఉంది. మనం నోరు మూసుకున్నందుకు అదేం విరగలేదు. నోరు మూతపడింది మన పిల్లలదే. కౌమ్ పరువుకయ్యే ఖర్చంతా ఆడపిల్లల ఖాతాలో రాయడం ఏం న్యాయం?

ఆ పిల్లలు గొప్ప కళాకారులయ్యేవారో కాదో. బేసురుగా పాడేవారేమో. పరీక్షలొచ్చి మానేసేవారేమో. ముగ్గురూ పోట్లాడుకొని విడిపోయేవారేమో. అలా విడిపోయినా అది వాళ్ల ఇష్టమయ్యేది. మగపిల్లలకు అడక్కుండానే దొరికే ఆ మామూలు బతుకే వాళ్లకు దక్కలేదు. ఒకరు వాళ్లను పాపానికి గుర్తు చేశారు, ఇంకొకరు ప్రగతికి గుర్తు చేశారు. మనుషులుగా ఉండనిచ్చినవాళ్లు తక్కువ.

రేపు మన ఇంట్లో ఒక బిడ్డ గిటారు కొనిపెట్టమంటే ముందు అడగాల్సింది మౌల్వీసాబ్‌ను కాదు, టీవీవాళ్లనూ కాదు. 'ఏం పాడతావ్ బేటా?' అని ఆ బిడ్డను అడగాలి.