ఊహకు వెల ఎవరు చెల్లించాలి?



పని కోసం ఊరు విడిచి వచ్చి స్థిరపడిన మన కుటుంబాల్లో చాలామందికి స్వస్థలంలో ఒక పాత బండి ఉంటుంది. మనం కొంత డబ్బు పంపితే అక్కడ తమ్ముడో బావమరిదో దాన్ని తిప్పుకుంటూ సంసారం నెట్టుకొస్తుంటాడు. ఆ బండి చెడిపోయినప్పుడు మనకు ఫోను వస్తుంది. ఆ ఫోను వెనక ఉన్న ఒక నీతి ప్రశ్నను గురించి ఈసారి ఆలోచిద్దాం.

కోలారు జిల్లాలోని వేమగల్‌ను ఉదాహరణగా తీసుకుందాం. అది కోలారు నుంచి చిక్కబళ్ళాపురం వెళ్లే దారిలో ఉంది. ఆ ప్రాంతంలో ఎన్నో ఇళ్లలో తెలుగే మాట్లాడుకుంటారు. పారిశ్రామికవాడ వచ్చినా చుట్టుపక్కల టమాటా, కూరగాయల తోటలు ఇంకా ఉన్నాయి. కోసిన టమాటాను 15 కిలోల బాక్సుల్లో నింపి పికప్ బండ్లలో కోలారు మార్కెట్ యార్డుకు తీసుకుపోతారు. అటువంటి ఒక పాత నాలుగు సిలిండర్ల డీజిల్ పికప్ మిస్ కొడుతోందని అనుకుందాం. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను వణుకుతుంది, లాగదు, తెల్లపొగ వదులుతుంది. తమ్ముడు ఫోను చేసి, "అన్నా, పంపు పోయిందంట, మార్చాల్సిందేనంట" అంటాడు. అన్న అప్పో సప్పో చేసి డబ్బు పంపుతాడు. పంపు మార్చగానే బండి చక్కగా నడుస్తుంది. అందరికీ సంతోషమే.

కొన్నాళ్లకు ఆ పాత పంపును ఇంకొకరు పరీక్ష చేయించగా అందులో ఏ లోపమూ కనబడలేదని తెలిసిందనుకోండి. ఇక్కడ అన్యాయం జరిగిందా? బండి బాగయింది గదా!

ముందు అదెలా సాధ్యమో చూద్దాం. టాంకు నుంచి ఫీడ్ పంపు వరకు ఉన్న పైపులో డీజిల్ పీల్చుకోబడుతుంది. అక్కడ ఒక జాయింటు వదులైతే డీజిల్ బయటికి కారకుండానే గాలి లోపలికి పోవచ్చు. కింద తడి కనబడదు, ఇంజను మాత్రం మిస్ కొడుతుంది. పంపు మార్చేటప్పుడు ఆ జాయింట్లు విప్పుతారు, కొత్త వాషర్లు వేస్తారు, గట్టిగా బిగిస్తారు, లైనులో గాలి తీస్తారు. అసలు జబ్బు ఆ బిగింపుతోనే పోతుంది. పేరు మాత్రం కొత్త పంపుకు వస్తుంది. కాబట్టి బండి బాగుపడినంత మాత్రాన మనం చెప్పిన కారణం నిజమని రుజువు కాదు.

నిజం తెలుసుకునే పద్ధతి పాత మేస్త్రీలకు బాగా తెలుసు. ఖర్చులేని పరీక్షతో మొదలుపెట్టి, ఖర్చైన పని చివరికి ఉంచుతారు. ఎప్పుడు మిస్ కొడుతోంది, చల్లగా ఉన్నప్పుడా, లోడు మీదనా? పొగ ఏ రంగు? తెల్లపొగ కాలని డీజిల్‌ను, నల్లపొగ గాలికి మించిన డీజిల్‌ను, నీలిపొగ కాలుతున్న ఇంజను ఆయిలును సూచిస్తాయి. తరువాత ఫిల్టరు అడుగున నీళ్లు చేరాయేమో చూస్తారు. పైపు మధ్యలో పారదర్శకమైన గొట్టం పెట్టి బుడగలు వస్తున్నాయేమో గమనిస్తారు. ఆ తరువాత ఇంజను నడుస్తుండగానే ఒక్కొక్క నాజిల్ పైపు నట్టును కొంచెం వదులు చేస్తారు. శబ్దం మారితే ఆ సిలిండరు పని చేస్తున్నట్టు, మారకపోతే చేయనట్టు. మూడవ సిలిండరు పని చేయడం లేదనుకుందాం. దాని నాజిల్‌ను రెండవదానితో మార్చి చూస్తారు. మిస్సింగు రెండవదానికి వస్తే తప్పు నాజిల్‌ది. మూడవదానిలోనే ఉండిపోతే నాజిల్ నిర్దోషి. అప్పుడు వాల్వులు, కంప్రెషన్, పంపు వైపు చూడాలి. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. నాలుగూ ఒకేసారి మారిస్తే ఏది దోషో ఎన్నటికీ తెలియదు.

(ఈ నట్టు వదులు చేసే పరీక్ష మెకానికల్ పంపు ఉన్న పాత బండ్లకే. కామన్ రెయిల్ ఇంజన్లలో డీజిల్ ఒత్తిడి 1,000 బార్‌కు మించిపోవచ్చు. వాటి జోలికి పోతే ప్రాణాపాయం.)

కొత్త బండ్లకు కంప్యూటర్ ఉంది గదా అని కొందరనవచ్చు. స్కానరు "పి0301" అని చూపిస్తే మొదటి సిలిండరులో మిస్ ఉందని అర్థం. ఎక్కడ అన్నది యంత్రం చెప్పింది, ఎందుకు అన్నది ఇంకా మనిషే వెదకాలి.

ఇప్పుడు నీతి ప్రశ్నకు వద్దాం. ఊహించడం పాపమా? నేనలా అనుకోను. 2023 జూలైలో కోలారులో 15 కిలోల బాక్సు ధర 2,000 రూపాయలు దాటింది. మరి కొన్ని నెలల్లో కోత కూలి కూడా రాక పంటను పారబోసినవారున్నారు. మంచి ధర ఉన్న రాత్రి లోడు ఎత్తిన బండి దారిలో ఆగితే, తీరికగా పరీక్షలు చేయమనడం రైతుకు న్యాయం కాదు. అప్పుడు అనుభవంతో ఒక ఊహ చేసి పని కానివ్వడమే మేలు. అయితే మేస్త్రీ, "ఇది నా అనుమానం, తప్పైనా కావచ్చు" అని ముందే చెప్పాలి. అప్పుడు ఆ ప్రమాదాన్ని ఒప్పుకునే హక్కు డబ్బు చెల్లించేవానికి దక్కుతుంది. అనుమానాన్ని నిశ్చయంగా చెప్పి డబ్బు తీసుకున్నప్పుడు ఆ హక్కు పోయింది. బండి బాగుపడినా అన్యాయం అక్కడే జరిగింది.

అంతమాత్రాన మేస్త్రీని ఒక్కడినే నిలదీయడం కూడా తొందరపాటే. అతడు గంటసేపు చూసి, "జాయింటు వదులైంది, బిగించాను" అని చెప్పి కూలి అడిగితే మనం ఏమంటాం? "చూసినందుకు కూడా డబ్బులా? బిగించినదానికి ఇంతా?" అంటాం. అదే ఒక కొత్త సామాను అట్టపెట్టెలో చూపిస్తే బేరమాడి అయినా వేల రూపాయలు ఇస్తాం. సామానుకే వెల కట్టి, వెదకిన శ్రమకు వెల కట్టని చోట, మేస్త్రీ సామాను మార్చడమే నేర్చుకుంటాడు. పిల్లల ఫీజులు అతనికీ ఉన్నాయి. అతని ఊహలో మనకూ భాగముంది.

ఇంకొక మనిషి ఉన్నాడు, అతడు డ్రైవరు. చాలాసార్లు మొదటి నింద అతని మీదే పడుతుంది. "డీజిల్ ఖాళీ అయ్యేదాకా నడిపావు, బండిని చంపేశావు" అని జీతంలో కోత పెడతారు. నాజిల్‌ను దోషి అనే ముందు దాన్ని పక్క సిలిండరులో పెట్టి చూసే మనం, మనిషిని దోషి అనే ముందు ఏం పరీక్ష చేశాం? ఇనుముకు ఇచ్చిన పాటి విచారణ కూడా కూలివానికి దక్కకపోవడం సిగ్గుపడవలసిన సంగతి. తమ్ముని విషయమూ అంతే. దూరంగా ఉన్న అన్న మనసులో "నిజంగా పంపేనా, లేక ఇంకేదైనా అవసరమా?" అన్న అనుమానం మెదలుతుంది. అడగడు, మరచిపోడు. అలా రెండు మూడు ఫోన్లకు రక్తసంబంధం కూడా సన్నగిల్లుతుంది.

అందుచేత ఈసారి ఊరి నుంచి అటువంటి ఫోను వచ్చినప్పుడు కోప్పడకుండా, దాచుకోకుండా, నెమ్మదిగా నాలుగు మాటలు అడుగుదాం. ఏ సిలిండరు పని చేయడం లేదు? అది ఎలా తెలిసింది? పాత సామాను తిరిగి ఇస్తారా? వెదకినందుకు మేస్త్రీకి ఏమివ్వాలి? ఈ చివరి ప్రశ్నను మరువవద్దు. దానికి పంపే కొద్దిపాటి డబ్బు తమ్ముని మాటకు బలమిస్తుంది, డ్రైవరు జీతాన్ని కాపాడుతుంది, మేస్త్రీకి నిజం చెప్పే తీరిక కలిగిస్తుంది.