కూడు పెట్టే పిట్టలు

"డబ్బొస్తోంది కనక కాపాడుతున్నారు గానీ, లేకపోతే వాళ్ళకి పిట్టల మీద అంత ప్రేమేమిటండీ?"

చిలికా సరస్సు ఒడ్డునున్న మంగళజోడి ఊరి సంగతి చెబితే, వినేవాళ్ళలో ఎవరో ఒకరు ఈ మాట అంటారు. నవ్వి ఊరుకోవలసిన మాట కాదు. లాభం కోసం చేసిన మంచి మంచేనా?

విశాఖ నుంచి హౌరా వెళ్ళే రైల్లో, బరంపురం దాటాక కిటికీ పక్కన కనిపించే నీళ్ళే చిలికా. మన దేశం నుంచి 1981లో రాంసార్ జాబితాకెక్కిన మొదటి రెండు చిత్తడి నేలల్లో అదొకటి. శీతాకాలం వస్తే చాలు, సైబీరియా నుంచీ మధ్య ఆసియా నుంచీ బాతులూ, పొడుగుకాళ్ళ పిట్టలూ వచ్చి మంగళజోడి జమ్ముపొదల్లో దిగుతాయి. ఒకప్పుడు ఆ ఊళ్ళో చాలామందికి వాటిని చంపి అమ్ముకోవడమే జీవనం. వలలు, తుపాకులు, విషపు ఎరలు. 1990 దశకం చివరికి లక్షల పిట్టలు కాస్తా వేలల్లోకొచ్చాయి.

2000 ప్రాంతంలో ఆ వేటగాళ్ళలోనే కొందరు వేట మాని కాపలా సంఘం పెట్టుకున్నారు. తర్వాత చూడవచ్చేవాళ్ళని పడవలో తిప్పడం మొదలుపెట్టారు. మోటారు చప్పుడుండదు, గడకర్రతో తొయ్యడమే. చిత్రమేమిటంటే, ఏ పిట్ట ఏ వేళకి ఏ పొద చేరుతుందో, ఏ కూత దేనిదో వాళ్ళకి ముందే తెలుసు. చంపడానికి నేర్చిన విద్యే చూపించడానికి పనికొచ్చింది. పిట్టలు మళ్ళీ లక్షల్లోకి పెరిగాయి.

సరే, ఇది ప్రేమా, వ్యాపారమా?

మన పెరట్లోకే చూడండి. కరివేపాకు మొక్క నాటింది ఆకు కోసమే. గేదెని కొన్నది పాల కోసమే. అయినా ఆ గేదె మేత ముట్టకపోతే ఇంటి ఇల్లాలికి ముద్ద దిగదు. అవసరం పేరుతో గడప తొక్కిన ప్రాణి ఎప్పుడు మనదైపోతుందో మనకే తెలీదు. చెన్నైకి దగ్గర్లోని వేడంతాంగళ్ రైతులు రెండు వందల ఏళ్ళకి పైగా తమ చెరువులో కొంగల్ని కాపాడుకొస్తున్నారు. రెట్ట కలిసిన ఆ నీళ్ళు పొలానికి బలం. ఆ లాభం తెలిసినంత మాత్రాన వాళ్ళ కాపలా విలువ తగ్గుతుందా?

మన కొల్లేరుని చూడండి. 1999లో అభయారణ్యమైంది, 2002లో రాంసార్ జాబితాకెక్కింది. 2006లో చేపల చెరువుల గట్లు యంత్రాలు పెట్టి కొట్టించారు. చాలాచోట్ల గట్లు మళ్ళీ లేచాయి. వాటి వెనక పెద్ద పెట్టుబడులూ ఉన్నాయి, కాదనను. కానీ చెరువు పోయిన చిన్న కుటుంబం "రేపు పొయ్యి మీద ఏం పెట్టాలి?" అనడిగితే, గట్టు కొట్టడం దానికి జవాబు కాదు కదా! చెరువులు పూడ్చి కట్టిన కాలనీల్లో కూర్చుని మనం పిట్టల మీద జాలిపడుతుంటాం. ప్రేమ మనదీ, పస్తు వాళ్ళదీ అయితే అదేం ధర్మం?

అలాగని డబ్బొక్కటే చాలదు. 2020లో కరోనా వచ్చి రాకపోకలు ఆగినప్పుడు అది అందరికీ తెలిసొచ్చింది. చూడవచ్చేవాడు రాని రోజున కూడా ఆ పిట్ట ఊరిదిగా మిగలాలంటే, వచ్చిన రోజుల్లో రూపాయి ఊరందరికీ అందాలి. ఎన్ని పడవలు తిరగాలో, ఎంతదూరంలో ఆగాలో ఊరే నిర్ణయించుకోవాలి. పైనుంచి ఎవరో వచ్చి పెద్ద హోటలు కట్టి, ఊరివాడికి గేటు దగ్గర కాపలా ఉద్యోగమిస్తే, పిట్టా ఊరిది కాదు, నీళ్ళూ ఊరివి కావు.

ఇక మన సంగతి. సెలవులకి పిల్లల్ని తీసుకుని వెడతాం. ఫోటో సరిగ్గా పడటం లేదని, "ఇంకాస్త దగ్గరికి పోనీ బాబూ, ఇంకో వంద ఇస్తాం" అంటాం. పడవ దగ్గరికెడితే గుంపంతా లేస్తుంది. వేల మైళ్ళు ఎగిరొచ్చి ఇంత మేత వెతుక్కుంటున్న ప్రాణులవి!

ఆ క్షణాన పడవవాడు గడకర్ర ఆపి, "వద్దమ్మా, బెదురుతాయి" అన్నాడనుకోండి. వాళ్ళకి పిట్టల మీద ప్రేమేమిటన్న ప్రశ్నకి అక్కడే జవాబు దొరుకుతుంది. వంద నోటు పట్టుకున్న చెయ్యి ఎవరిదన్నదే మనం చూసుకోవలసిన సంగతి.