విత్తనపు గింజ



తమ్మిలేరు, బుడమేరు తెచ్చే నీరు కొల్లేటి సరస్సుకే చేరుతుంది. అక్కణ్ణుంచి సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. అందుకే వాన ముదిరితే కొల్లేటి లంక గ్రామంలో ఇల్లాలి చెయ్యి ముందు దస్తావేజుల సంచి మీదికే పోతుంది. దాన్ని అటకెక్కించాకే మిగతా సామాను.

ఇప్పుడు ఆ సంచిలో ఉండాల్సినవి చాలావరకు కంప్యూటర్‌లో ఉన్నాయి. పెళ్లి ఫొటోలు, చెరువు లెక్కలు, పిల్లల సర్టిఫికెట్ల స్కాన్లు. వాటిని పోగొట్టడానికి వరదే రానక్కర్లేదు. ఒక పిడుగు చాలు, ఒక వైరస్ చాలు.

మన పెద్దలు తాటాకును నమ్మి ఊరుకోలేదు. పురుగు తొలిచేలోగా మరో ప్రతి రాసుకున్నారు. ఇంగ్లిషు అధికారి బ్రౌన్ దొర పండితులకు జీతమిచ్చి కావ్యాలకు కొత్త ప్రతులు రాయించారు. అలా ఎన్నో గ్రంథాలు మనకు దక్కాయి.

తాడేపల్లిగూడెం పక్క సొంత విత్తనం వాడే రైతు వడ్లన్నీ మిల్లుకు తోలడు. విత్తనం విడిగా ఎండబెట్టి దాచుకుంటాడు. ఫైళ్లకూ అదే పద్ధతి. మొత్తం మూడు ప్రతులు ఉండాలి. అవి రెండు రకాల సాధనాల్లో ఉండాలి. వాటిలో ఒకటి ఇంట్లో కాకుండా వేరే చోట, ఏలూరులో అక్కయ్యగారింట్లోనో క్లౌడ్‌లోనో ఉండాలి. ప్రతిని బయటి డ్రైవ్‌లో పెడితే, కాపీ అయ్యాక దాన్ని కంప్యూటర్ నుంచి తీసేయండి. కంప్యూటర్‌కు వైరస్ వచ్చినా విడిగా ఉన్న ఆ డ్రైవ్ జోలికి పోదు. అప్పుడప్పుడు ఆ ప్రతుల్లోంచి ఒక ఫైలు తెరిచి చూడండి. మొలకెత్తని గింజ విత్తనం కాదు.

ఈ ఆదివారం ఒక్క గంట కేటాయించండి. పోయిన ఫొటో ఏ అంగట్లోనూ దొరకదు.