ఒడిలో బిడ్డ, చేతిలో పని

ధ్యానభాగము: 2 రాజులు 4:18–37, 8:1–6

షూనేములో అది కోతకాలము. కోతగాండ్రు పొలమునందు వంగి పంట కోయుచుండగా, ఇంటి యజమానుని చిన్న కుమారుడు తండ్రియొద్దకు వచ్చి తలనొప్పి అని మొరపెట్టెను. తండ్రి కఠినుడు కాడు. అయితే పండిన పంట ఎవరికొరకును ఆగదు. కూలివారు ఎదురు చూచుచున్నారు. కావున బిడ్డను తల్లియొద్దకు చేర్చుమని పనివానికి చెప్పి, అతడు పొలములోనే నిలిచెను. తల్లి బిడ్డను ఒడిలో పెట్టుకొని కూర్చుండెను. మధ్యాహ్నము వరకు ఆమె అక్కడనుండి లేవలేదు.

ఆ పూట పొలములో ఎన్ని పనలు కట్టబడెనో లెక్క చెప్పగలవారు ఉండియుందురు. ఆ తల్లి ఒడిలో జరిగిన పనికి మాత్రము లెక్క వ్రాసినవారు ఊరిలో లేరు. దేవుడే దానిని తన గ్రంథములో వ్రాయించెను. రోగియైన బిడ్డను కనిపెట్టుకొని యుండుట పనియా, లేక పని లేకుండుటయా? ఈ ధ్యానభాగము ప్రతి విశ్వాసి యెదుట ఉంచు ప్రశ్న ఇదియే.

ఈ ప్రశ్న షూనేముతో ముగియలేదు. తలసేమియా గల బిడ్డకు రెండు మొదలు నాలుగు వారములకొకసారి రక్తము ఎక్కింపవలెను. ఆసుపత్రికి పోయిన ప్రతి దినమును కూలి తల్లికి కూలి పోయిన దినమే. తెలుగునాట ఈ బాధ ఎరిగిన ఇండ్లు కలవు. అయితే ఈ ప్రశ్నను చట్టములోని గంటల లెక్కగా మార్చి పేద తల్లుల యెదుట పెట్టిన దేశము అమెరికా. అనేక తెలుగు కుటుంబములు స్థిరపడిన దేశమది. లేఖనవాక్యమును ఎత్తి చూపుచు ఈ విషయమును వాదించినవారు గల దేశమును అదియే. కావున అక్కడి సంగతిని నిదానముగా పరిశీలించుట మేలు.

1935లో అక్కడ చేయబడిన సాంఘిక భద్రతా చట్టము, సంపాదించు ఆధారము లేని బిడ్డల పోషణకు సహాయధనమును ఏర్పరచెను. తల్లి కూలికి పోక ఇంటనుండి బిడ్డలను పెంచవలెనన్నది నాటి తలంపు. ఆరు దశాబ్దములు గడచెను. సహాయము జనులను సోమరులనుగా చేయుచున్నదను వాదము బలపడెను. 1996 ఆగస్టు 22న అధ్యక్షుడు బిల్ క్లింటన్ సంతకము చేసిన చట్టముతో పాత పద్ధతి పోయి, అవసరతలోనున్న కుటుంబములకు తాత్కాలిక సహాయమను క్రొత్త ఏర్పాటు వచ్చెను. సహాయము పొందు తల్లి పనిలో నున్నట్లు లెక్కకు వచ్చుటకు సాధారణముగా వారమునకు 30 గంటలు పనిలోనో పనికి సిద్ధపరచు కార్యములలోనో గడపవలెను. ఆరేండ్లలోపు బిడ్డ గల ఒంటరి తల్లికి అది 20 గంటలు. సమాఖ్య ప్రభుత్వ ధనముతో ఇచ్చు సహాయమునకు జీవితకాలములో 60 నెలలు గడువు. కష్టస్థితినిబట్టి కొందరికి మాత్రమే రాష్ట్రములు దానిని పొడిగింపగలవు. తగిన కారణము లేక పనిని నిరాకరించిన యెడల సహాయము తగ్గింపబడును, లేదా నిలిపివేయబడును.

ఇప్పుడు అక్కడి ఒంటరి తల్లి యొకతెను తలంచుడి. ఆమె బిడ్డకు తీవ్రమైన ఉబ్బసమో సికిల్ సెల్ అను రక్తవ్యాధియో కలదు. పది దినములు బిడ్డ బడికి పోయి అందరితో ఆడుకొనును. పదునొకండవ రాత్రి ఊపిరాడక లేచి కూర్చుండును. సికిల్ సెల్ గల బిడ్డకు జ్వరము తగిలిన యెడల తెల్లవారువరకు ఆగుట ప్రాణాపాయము; వెంటనే ఆసుపత్రికి పోవలెను. రాత్రి అంతయు ఆసుపత్రి కుర్చీలో గడపిన తల్లి ఉదయమున పనికి హాజరు కావలెను. హాజరు కాని గంటలు లెక్కకు రావు. ఇట్లు రెండు మూడు మారులు జరిగిన పిమ్మట యజమాని పని మానిపించును. అప్పుడు పని ఏల పోయెనని సహాయ కార్యాలయమువారు అడుగుదురు. 1993 నాటి కుటుంబ, వైద్య సెలవు చట్టము ఏడాదికి 12 వారముల జీతము లేని సెలవు నిచ్చును. కాని 50 మంది పనివారైనను గల యజమానియొద్ద పండ్రెండు నెలలు ఉండి, గడచిన ఏడాదిలో 1,250 గంటలు పని చేసినవారికే అది వర్తించును. నిన్న పనిలో చేరిన తల్లికి అది అందని ద్రాక్షయే.

చట్టము ఈ తల్లిని బొత్తిగా మరచెనని చెప్పుట న్యాయము కాదు. 2006లో వెలువడి 2008లో స్థిరపరచబడిన నియమములనుబట్టి, ఇంటనున్న వికలాంగుడైన కుటుంబసభ్యుని చూచుకొను తల్లి పని చేయవలసినవారి లెక్కలో చేరదు. ఆమె ఇంటనుండుట అవసరమని తెలుపు వైద్యపత్రము మాత్రము ఉండవలెను. అయితే వచ్చి పోవు వ్యాధి వికలాంగత్వముగా ఎంచబడునా? నేడు పరుగెత్తుచున్న బిడ్డను చూచి, వీడు రోగి యెట్లగునని అడుగు అధికారికి ఆమె ఏమని ఉత్తరమీయగలదు?

కాగితపు లెక్క ఎంత ప్రమాదము తేగలదో ఆర్కన్సా రాష్ట్రము చూపెను. పేదలకు వైద్యసహాయము నిచ్చు మెడికెయిడ్‌కు 2018లో ఆ రాష్ట్రము కొందరి విషయమై నెలకు 80 గంటల పని షరతు పెట్టి, ఆ లెక్కను మొదట కంప్యూటరు ద్వారానే తెలుపవలెనని విధించెను. కొన్ని నెలలలోనే 18,000 మంది తమ వైద్యసహాయమును కోల్పోయిరి. షరతు వర్తించినవారిలో అత్యధికులు అప్పటికే పని చేయుచున్నవారో మినహాయింపునకు తగినవారో అని పిమ్మట పరిశోధకులు కనుగొనిరి. 2019 మార్చిలో న్యాయస్థానము దానిని నిలిపివేసెను. అయినను 2025 జూలై 4న సంతకమైన చట్టము, మెడికెయిడ్‌ను విస్తరించిన రాష్ట్రములు అట్టి 80 గంటల షరతును సాధారణముగా 2027 జనవరి 1 నాటికి అమలు పరచవలెనని చెప్పుచున్నది. 13 ఏండ్లవరకు గల బిడ్డల తలిదండ్రులకును, వికలాంగులను చూచుకొనువారికిని అందులో మినహాయింపు కలదు. మినహాయింపు చట్టములో ఉండుట వేరు. అది అలసిన తల్లి చేతికి అందుట వేరు.

పని చేయుట శాపము కాదు. తన చేతుల కష్టార్జితము భుజించుటలో గౌరవము కలదు. ఆ గౌరవమును కోరు తల్లులు అనేకులు. సోమరితనమును గద్దించుట సంఘమునకు తగినదే. పని చేయనొల్లనివాడు భోజనము చేయరాదని పౌలు థెస్సలొనీకయులకు వ్రాసెను (2 థెస్స. 3:10). ఈ వాక్యమంతగా లోకపాలకులు వాడుకొనిన వాక్యములు అరుదు. 1609 ప్రాంతమున జేమ్స్‌టౌన్ వలసలో కెప్టెన్ జాన్ స్మిత్ దీనిని శాసనముగా చేసెను. దేవుని ఒప్పుకొనని సోవియట్ ప్రభుత్వము సహితము 1936లో తన రాజ్యాంగములో ఇట్టి మాటనే చేర్చెను. 2013లో అమెరికా ప్రతినిధుల సభకు చెందిన ఒక కమిటీలో ఆహార సహాయమును గూర్చి చర్చ జరుగగా ఒక సభ్యుడు ఇదే వాక్యమును ఎత్తి చెప్పెను.

అయితే అపొస్తలుడు వ్రాసినది పని చేయుటకు ఇష్టము లేనివారిని గూర్చియే. చేయలేనివారిని గూర్చి కాదు, వేరొక పనిలో చేతులు నిండియున్నవారిని గూర్చియు కాదు. ఏ పనియు చేయక పరుల జోలికి పోవుచుండినవారిని అతడు గద్దించెను. రాత్రి మూడు గంటలకు బిడ్డ ఊపిరిని లెక్కపెట్టుచు మేలుకొని యున్న తల్లి పరుల జోలికి పోయినదా? ఆమె చేతులు ముడుచుకొని యున్నవా? ఇంటివారిని సంరక్షింపనివాడు విశ్వాసత్యాగము చేసినవాడని అదే పౌలు తిమోతికి వ్రాసెను (1 తిమో. 5:8). ఒక వాక్యమును చేతపట్టుకొని రెండవ వాక్యమునకు లోబడుచున్న తల్లిని కొట్టుట వాక్యమును నెరవేర్చుట కాదు.

బిడ్డను చూచుట పనియే. 1522లో మార్టిన్ లూథర్ వివాహ జీవితమును గూర్చి వ్రాయుచు, తండ్రి విశ్వాసముతో బిడ్డ గుడ్డలు ఉతుకుట లోకమునకు నవ్వులాటయైనను దేవునికిని ఆయన దూతలకును సంతోషకరమని బోధించెను. భారతదేశములో 2005లో చేయబడిన గ్రామీణ ఉపాధి హామీ చట్టపు అనుబంధములో ఒక చిన్న నియమము వ్రాయబడెను. పనిస్థలమునకు స్త్రీలతో కూడ ఆరేండ్లలోపు బిడ్డలు అయిదుగురైనను అంతకు మించియైనను వచ్చిన యెడల, ఆ స్త్రీలలో ఒకతెను బిడ్డలను చూచుటకు నియమించి, ఆమెకును కూలి చెల్లింపవలెను. మట్టితట్ట మోయు చేతికిని, బిడ్డను పట్టుకొను చేతికిని కూలి కలదని ఆ నియమము ఒప్పుకొనెను. అది ఎన్ని చోట్ల నెరవేరెనన్నది వేరు మాట. అట్లు వ్రాయుటయే న్యాయము.

మరల షూనేమీయురాలి వెంట నడువుడి. బిడ్డ ఒడిలోనే ప్రాణము విడిచినప్పుడు ఆమె గాడిదను సిద్ధపరపుమనెను. భర్త అడిగినదేమి? ఇది అమావాస్య కాదే, విశ్రాంతిదినమును కాదే, నేడు పోవనేల అని. అతడు దినదర్శినిని చూచెను గాని భార్య ముఖమును చూడలేదు. కర్మెలు కొండయొద్ద గేహజీ ఆమెను త్రోసివేయబోయెను. దైవజనుని పాదములు పట్టుకొనుట అతనికి మర్యాదగా తోచలేదు. ఎలీషా మాత్రము ఆమెను ఆపవద్దనెను. ఆమె ప్రాణము బహు దుఃఖములో నున్నదనియు, ఆ కారణమును ప్రభువు తనకు తెలియజేయలేదనియు అతడు ఒప్పుకొనెను. ప్రవక్తయే తనకు తెలియదని చెప్పగా, బల్లకు ఆవల కూర్చున్న అధికారియు, ఆలయపు బల్లమీద కూర్చున్న విశ్వాసియు ఆమె సంగతి అంతయు తమకు తెలియునని తలంచుట ఎంత సాహసము!

తరువాత ఎలీషా తన దండమును గేహజీ చేత పంపెను. తల్లి దండముతో తృప్తి పొందలేదు, ప్రవక్తను విడువననెను. దండము బిడ్డ ముఖముమీద పెట్టబడెను, శబ్దము లేదు. ప్రవక్త తానే వచ్చి, తలుపు వేసి, ప్రార్థించి, బిడ్డ దేహముమీద తన దేహమును ఉంచినప్పుడు ఆ శరీరము వెచ్చనాయెను. దండము పంపుట సులభము. ఆరాధన ముగియగానే మీకొరకు ప్రార్థించుచున్నామమ్మా అని చెప్పి గుమ్మము దాటుట దండము పంపుటయే. తానే వచ్చుట వేరు. ఆ బిడ్డకు మందు పీల్పించు విధము నేర్చుకొని వారమునకు ఒక రాత్రి తల్లిని నిద్రింపనిచ్చుట, కార్యాలయమునకు పిలుపు వచ్చిన దినమున ఆమెతో కూడ పోయి కూర్చుండుట, ఆసుపత్రికి పోయిన ప్రతి తేదీని ఒక పుస్తకములో వ్రాసిపెట్టుటకు తోడ్పడుట, భాష చాలని తల్లికి వచ్చిన ఉత్తరమును గడువు దాటకముందే చదివి చెప్పుట: ఇవి సంఘపు స్త్రీల సమాజమునకును యౌవనస్థులకును చేతనైన పనులే.

ఎనిమిదవ అధ్యాయములో కథకు తరువాయి కలదు. ఏడేండ్ల కరవు తరువాత తిరిగి వచ్చిన ఆ స్త్రీ తన ఇంటికొరకును భూమికొరకును రాజునకు మొరపెట్టబోయెను. సరిగా ఆ గడియలోనే రాజసన్నిధిని ఆమె బిడ్డ సంగతిని వివరించుచున్నవాడు ఎవడు? కర్మెలు కొండయొద్ద ఆమెను త్రోసివేయబోయిన గేహజీయే! త్రోసివేయబోయినవాడే ఆమెకు సాక్షి యాయెను. రాజు ఆమెను విచారించి, ఒక అధికారిని నియమించి, ఆమె భూమిని మాత్రమే గాక ఆమె లేని కాలపు పంటను సహితము ఇప్పించెను. ఎరిగినవాడొకడు నోరు తెరచినందున కార్యాలయపు తలుపు తెరువబడెను. రోగియైన బిడ్డ తల్లిని ఇదివరకు సోమరియని తలంచిన విశ్వాసి నేడు ఆమెకు సాక్షి కావచ్చును. ఆమె వైద్యుడు వ్రాయు నాలుగు పంక్తుల పత్రము సహితము ప్రభువు దృష్టికి ప్రేమకార్యమే.

షూనేములోని బిడ్డ ఆ దినముననే లేచెను. దీర్ఘవ్యాధి గల బిడ్డ విషయములో అట్లు జరుగకపోవచ్చును. ఆ మధ్యాహ్నము వారము వారము తిరిగి వచ్చును. అట్టి తల్లికి లేఖనమిచ్చు ఆదరణ ఏది? త్రోవలో ఎదురైన గేహజీతో అంతయు సుఖమే అని చెప్పిన ఆమె, ప్రవక్త పాదములయొద్ద తన దుఃఖమంతయు కుమ్మరించెను. అడుగుట అవమానము కాదు. తన బిడ్డ నిమిత్తము సహాయము కోరు తల్లి భిక్షగత్తె కాదు. తన హక్కును అడిగిన షూనేమీయురాలి సహోదరి.

యాకోబు ఏశావును కలిసికొనిన దినమున ఏశావు మనము పోవుదమనెను. యాకోబు ఒప్పుకొనలేదు. పిల్లలు పసివారు, పాలిచ్చు పశువులు వెంట నున్నవి, ఒక్క దినము వడిగా తోలిన యెడల మంద అంతయు చచ్చుననెను, పిల్లల నడకకు తగినట్లు మెల్లగా వచ్చెదననెను (ఆది. 33:13, 14). చట్టము చేయువారును, దానిని అమలు పరచువారును, సంఘమును నేర్చుకొనవలసిన నడక ఇదియే. మందలో అతి బలహీనమైన దాని అడుగునుబట్టి పయనపు వేగము నిర్ణయింపబడవలెను.

గొఱ్ఱెపిల్లలను రొమ్మున చేర్చుకొని, పాలిచ్చువాటిని మెల్లగా నడిపించు మంచి కాపరి, ఒడిలో బిడ్డయు చేతిలో పనియు మోయుచున్న ప్రతి తల్లిని ఆదరించును గాక. ఆమె ప్రక్కన కూర్చుండుటకు తన సంఘమును లేపును గాక. ఆమేన్.