మరుగుచోటును చూపినవాడు

చదువవలసిన భాగములు: ద్వితీయోపదేశకాండము 22:6-7, 2 రాజులు 20:12-19, యోహాను 1:35-46



ఒక అందమైన చోటు మనకు తెలిసినయెడల దానిని పదిమందికి చెప్పుట మేలా, చెప్పక దాచుట మేలా? ఇది చిన్న ప్రశ్నవలె కనబడును. పొలము పనులు, పిల్లల చదువులు, అప్పుల చింతలు గల మనకు కొండమీది చోట్లనుగూర్చి విచారించుటకు తీరిక యెక్కడిదని కొందరనవచ్చును. మేమును అట్లే అనుకొంటిమి. అయితే కోహెడ గుట్టమీద జరిగిన యొక సంగతి ఈ ప్రశ్నను మా గడపలోనికి తెచ్చి, జవాబు చెప్పుమని కూర్చున్నది. అందుకే ఈ నెల దీనిని మీ యెదుట పెట్టుచున్నాము.

కోహెడ ఇబ్రహీంపట్నము ప్రాంతములోని ఊరు. హైదరాబాదు చుట్టు 158 కిలోమీటర్ల పొడవున వేసిన వలయ రహదారి దీనికి చేరువగానే పోవుచున్నది. 2020వ సంవత్సరములో గడ్డిఅన్నారము పండ్ల మార్కెట్టును కొంతకాలము ఇక్కడికి తెచ్చినప్పుడు ఈ ఊరి పేరు పత్రికలలో పడెను. ఆ మే నెలలోనే గాలివానకు మార్కెట్టు షెడ్లు కూలి పలువురు గాయపడిరి. మనుష్యులు నిన్న కట్టినది నేడు కూలెను. ఊరి గుట్టలు మాత్రము కదలలేదు. ఈ ప్రాంతపు గ్రానైటు శిలలకు సుమారు 250 కోట్ల సంవత్సరముల వయస్సున్నదని భూగర్భ శాస్త్రము తెలిసినవారు చెప్పుదురు. ఎండకు కాగి, వానకు చల్లారి, పొరలు పొరలుగా ఊడి, అవి యొకదానిమీద నొకటి పేర్చిన గుండ్లవలె నిలిచినవి. వాటి సందులలో సీతాఫలపు చెట్లు, తంగేడు పొదలు. మాఘ ఫాల్గుణములలో ఆకు లేని కొండగోగు కొమ్మకు పసుపుపచ్చని పువ్వులు పూయును.

ఆ గుట్టమీద ఒక మరుగుచోటున్నది. దానిని మాకు చూపినవాడు మేకలు కాచు ఒక ముసలివాడు. ఒకనాటి సాయంకాలము మేము గుట్ట ప్రక్కన నిలిచి మాటలాడుచుండగా, ఆయన మా వెంట రమ్మని సైగ చేసి ముందు నడిచెను. రెండు పెద్ద గుండ్ల నడుమ నడుము వంచి దూరవలెను. అవతల మంచమంత బండ యొకటి. దానిమీద నిలిచి చూచితిమి. ఒక ప్రక్క పట్టణపు మేడలు పొలములను మింగుచు వచ్చుచున్నవి. దక్షిణపు దిక్కున, గోలకొండను 1550 నుండి 1580 వరకు ఏలిన ఇబ్రహీం కుతుబ్ షా పేరు మోయు ఇబ్రహీంపట్నము. ఆగ్నేయమున, దూరముగా, రాచకొండ గుట్టలున్న వైపు. 14వ శతాబ్దములో రేచెర్ల పద్మనాయకులు ఆ రాచకొండమీద కోట కట్టుకొని, కంటికి కనబడినంత మేర తమదేయని ఏలిరి. నేడు ఆ కోట గోడల వెంట అడవి పెరిగియున్నది. చూచినంతమాత్రమున ఏదియు మనది కాదని ఆ బండమీద మాకు బోధపడెను. మేము చాలసేపు మౌనముగా నుంటిమి. ఆ ముసలివాడును ఏమియు పలుకలేదు. చీకటి పడకమునుపే మమ్మును దింపి తన మేకల వెంట పోయెను.

ఇంతవరకు మంచిదే. తరువాత మేము చేసిన పని వినుడి. ఆ ఆదివారము యౌవనస్థుల కూటములో ఆ చోటునుగూర్చి ఉత్సాహముతో చెప్పితిమి. చెప్పుటయే కాదు, దారి యిట్లుండునని నేలమీద గీతలు గీచి చూపితిమి. వారు వెళ్లిరి, సంతోషించిరి, ఫోనులో బొమ్మలు తీసి స్నేహితులకు పంపిరి. ఆ స్నేహితులు తమ స్నేహితులకు పంపిరి. రెండు నెలలు తిరుగకమునుపే, మన మెరుగనివారు, మనలను ఎరుగనివారు బండ్లమీద వచ్చి ఆ బండపైన రాత్రులు గడుపసాగిరి. ప్లాస్టిక్కు పళ్లెములు, పగిలిన సీసాలు గుండ్ల సందులను నింపెను. ఒక పగటివేళ ఆ ముసలివాని చూడిమేక ఆకు కొరకు ఆ సందులోనికి కాలు పెట్టగా, సీసా ముక్క దాని గిట్టపైన లోతుగా కోసెను. పుండు చీము పట్టెను. పశువుల డాక్టరుకు పెట్టిన ఖర్చు ఆయనకు చిన్నది కాదు.

మేము విని ఆయన యొద్దకు పోయితిమి. "పెద్దయ్యా, మా వలననే ఈ కీడు వచ్చినది. ఆ చోటు మేమే చెప్పితిమి" అంటిమి. ఆయన కోపపడియుండిన మాకు తేలికగా నుండెడిది. ఆయన మేక కాలికి గుడ్డ చుట్టుచునే యిట్లనెను: "గుట్ట అందరిదయ్యా. నేనెవల్ని వద్దననీకి? కాలు మాత్రం నా మేకది."

ఆ మాట నాటినుండి మమ్మును విడువలేదు. మనము పెద్ద మాటలతో ఇది అందరిది, దేవుడిచ్చినది అని చెప్పుదుము. అయితే అందరిదైన చోట జరిగిన నష్టము అందరిమీదను సమానముగా పడదు. సంతోషము వందమందికి పంచబడును. గాయము ఒకని మేక కాలికి తగులును. ఆ ఒకడు సాధారణముగా ఎవడై యుండును? ఆ చోటునందే నిత్యము బ్రదుకువాడు, చోటు గొప్పను పొగడుటకు తీరిక లేనివాడు.

అట్లయిన దాచుటయే నీతియా? కొంతకాలము మేము అట్లే తలంచితిమి. ఇకమీదట ఎవరికిని ఏ చోటును చెప్పగూడదని తీర్మానించుకొంటిమి. కాని ఆ తీర్మానము మా మనస్సులో నిలువలేదు. పట్టణములో ఇరుకు గదిలో పుట్టి, చెట్టు నీడ యెరుగక, కూలికి పోయి వచ్చు కుటుంబములున్నవి. వారి బిడ్డలు కొండమీద నిలిచి సూర్యుడు క్రుంకుట చూడగూడదా? మేము చూచి తృప్తి పొంది, తలుపు మూసివేసి, ఇక చాలుననుట తలాంతును భూమిలో పాతిపెట్టినవాని బుద్ధియే గదా! అంతేకాదు, ఆ ముసలివాడు దాచియుండినయెడల మేమే చూచియుండము. తాను ఉచితముగా పొందినదానిని దాచుకొనువానికి కృతజ్ఞత తెలియదు.

కాబట్టి చూపవచ్చునా కూడదా అనుట అసలు ప్రశ్న కాదు. ఎట్లు చూపవలెను, ఎందుకు చూపవలెను అనునదే ప్రశ్న.

లేఖనములలో చూపించుట రెండు విధములుగా నున్నది. హిజ్కియా రాజు రోగమునుండి లేచినప్పుడు బబులోనునుండి దూతలు వచ్చిరి. రాజు పొంగిపోయి, వెండి బంగారములు, సుగంధ ద్రవ్యములు, ఆయుధశాల, తనకున్న సమస్తమును వారికి చూపెను. చూపనిదంటూ ఏదియు మిగుల్చలేదు. ప్రవక్తయైన యెషయా వచ్చి, వారు నీ యింట ఏమి చూచిరని అడిగిన ఆ యొక్క ప్రశ్నలోనే తీర్పున్నది. చూపిన దంతయు ఒకనాడు బబులోనునకు పోవునని ఆయన తెలియజేసెను. హిజ్కియా దొంగతనము చేయలేదు, అబద్ధమాడలేదు. తన గొప్ప కనబడవలెనని చూపెను, అంతే. మేము యౌవనస్థుల కూటములో నేలమీద గీతలు గీచిన దినమున మా హృదయములో ఏమున్నది? ఎవరికిని తెలియనిది మాకు తెలియునను చిన్న గర్వము ఉన్నదని ఒప్పుకొనుచున్నాము.

రెండవ విధము యోహాను సువార్తలో నున్నది. ఇద్దరు శిష్యులు ప్రభువును నీవెక్కడ నుందువని అడిగిరి. ఆయన దారి గుర్తులు చెప్పి పంపివేయలేదు. వచ్చి చూడుమని పిలిచి, తన వెంట తీసికొనిపోయెను. వారు ఆ దినము ఆయనయొద్ద నుండిరి. అంద్రెయ తన సహోదరుని వెదకి తానే తోడుకొని వచ్చెను. ఫిలిప్పు నతనయేలును అట్లే పిలిచెను. ఇక్కడ చూపుట యనగా చేయి పట్టి నడిపించుట. పిలిచినవాడు ప్రక్కనే యుండును. మన ఊళ్లలో అప్పు ఇప్పించినవాడు పూచీ పడినట్లే, చోటు చూపినవాడును పూచీ పడవలెను.

ఈ పూచీ ఎంత దూరము పోవునో ఉత్తరపు అడవులను చూచినవారికి తెలియును. ఆదిలాబాదు వైపు పోవు రహదారిమీద నిర్మల్ దాటగానే కొండదారి మొదలగును. టేకు చెట్ల నడుమ మలుపు మలుపునకు లోయలు కనబడును. అక్కడ కడెము వాగుమీద కుంటాల జలపాతము సుమారు 45 మీటర్ల ఎత్తునుండి దుముకును. వర్షాకాలమున వేలాదిగా జనులు పోవుదురు. పాచి పట్టిన బండలమీద జారి, లోతు తెలియని మడుగులలో దిగి, ప్రాణములు కోల్పోయినవారున్నారు. నీళ్ల అందమునుగూర్చి చెప్పి, బండ నునుపునుగూర్చి చెప్పనివాడు సగము సత్యము చెప్పినవాడు. సగము సత్యము ఒక తల్లికి బిడ్డను లేకుండ చేయవచ్చును.

అదే ప్రాంతములో కవ్వాల్ అడవిని 2012లో పులుల సంరక్షణ కేంద్రముగా ప్రకటించిరి. అక్కడ అనుమతించిన దారిలోనే పోవలెను. ఇంత మంచి అడవిలో మనలను కట్టడి చేయుట ఏమని విసుగుకొనువారు కలరు. వేసవిలో మిగిలిన ఒక్క నీటి గుంటయొద్ద మనము కేకలు వేయుచు కూర్చున్నయెడల, దాహముతో వచ్చిన దుప్పి వెనుకకు పోవును. మనకు అది వేడుక. దానికి అది ఆ దినపు ప్రాణాధారము. కొన్ని చోట్లు మరుగుగా నుండుట మనకు అందరాదని కాదు, మరియొకరి యిల్లు గనుక.

మా గుట్టమీదనే చూడుడి. పెద్ద గుడ్లగూబ గూడు కట్టుకొనదు. రాతి అరుగుమీదనో, గుండ్ల ప్రక్క వట్టి నేలమీదనో గ్రుడ్లు పెట్టును. ఒక అడుగు తప్పుగా వేసిన చాలును. దారిలో పక్షి గూడు కనబడినప్పుడు తల్లిని పిల్లలతోకూడ పట్టుకొనగూడదని మోషే ధర్మశాస్త్రమందు ఆజ్ఞ యున్నది. యుద్ధములను రాజులనుగూర్చి ఆజ్ఞలున్న ఆ గ్రంథములోనే ఒక పిట్ట గూటిని గూర్చియు మాట యుండుట ఆశ్చర్యము కాదా? అనుకోకుండ కనబడినదానిపట్ల మనమెట్లు నడుచుకొందుమో దానిలో మన హృదయము బయలుపడును.

మారుట అసాధ్యమని ఎవరును అనుకొనవలదు. హైదరాబాదునుండి విజయవాడ రహదారిమీద వచ్చునప్పుడు వనస్థలిపురము దగ్గర హరిణ వనస్థలి కనబడును. ఒకప్పుడది నిజాము వేటాడు భూమి. 1975లో, వర్ధమాన మహావీరుని 2500వ నిర్వాణ సంవత్సర జ్ఞాపకార్థము, దానికి ఆయన పేరు పెట్టి కృష్ణజింకలకు కాపుదలగా ఏర్పరచిరి. నేల అదే, గడ్డి అదే, జింక అదే. చంపుటకు చూచిన కన్ను పోయి, కాపాడుటకు చూచు కన్ను వచ్చినది.

ఇప్పుడు మేము చేసినది చెప్పి ముగింతుము. ఒక శనివారము యౌవనస్థులతో కలిసి గోనెసంచులు తీసికొని గుట్ట ఎక్కితిమి. ఆ ముసలివానిని ముందుగా అడిగి, ఆయనను వెంట పెట్టుకొని పోయితిమి. సీసా ముక్కలు ఏరుచుండగా ఒక బాలుని వేలు తెగెను. వాడు మేక వైపు చూచి, ఏడువక, వేలు నోట పెట్టుకొనెను. డాక్టరు ఖర్చును సంఘము భరించినది. ఇకమీదట ఐదారుగురికంటె ఎక్కువ మందిని ఒకసారి తీసికొనిపోకుండ, తెచ్చినదంతయు తిరిగి మోసికొనివచ్చునట్లు, దారిని బొమ్మలో గాక చేయి పట్టి మాత్రమే చూపునట్లు ఒప్పందము చేసికొంటిమి.

దీనితో సమస్తము చక్కబడినదని మేము చెప్పము. పంపిన బొమ్మలు తిరిగి రావు. తెలియనివారు ఇంకను వచ్చుచున్నారు. మేము నెలకొకసారి సంచులతో పోవుచున్నాము. ఆ మేక ఈనినది, పిల్ల బాగుగనే యున్నది; తల్లికి మాత్రము కుంటు పోలేదు. గుట్టమీద దానిని చూచినప్పుడెల్ల, మేము నేలమీద గీచిన గీతలు మాకు జ్ఞాపకము వచ్చును.

ప్రియులారా, మీ ఊరిలోను ఒక చెరువు గట్టో, ఒక దరియో, ఒక చింతతోపో యుండును. దానిని మీ బిడ్డలకు, మీ యింటికి వచ్చిన చుట్టములకు తప్పక చూపుడి. చూపునప్పుడు మీరును వెంట నడువుడి. అక్కడ బ్రదుకువారిని ముందుగా పలుకరించుడి. తిరిగి వచ్చునప్పుడు చివరగా మీరు దిగుడి. వెనుక ఏమి విడిచితిమో చివరివానికే కనబడును.

ప్రార్థన: ప్రభువా, మేము చూచినదానికి కృతజ్ఞతను, చూపినదానికి పూచీ పడు మనస్సును మాకు దయచేయుము. మా సంతోషము వలన గాయపడినవారిని మా కంటికి కనబడనిమ్ము. ఆమేన్.